వస్తువు – పేరు – వ్యక్తిత్వము : అంగడి పదములపై నొక పరిశీలనము

కోనసీమయందు, గౌతమీగోదావరి కుడిగట్టున, కోటిపల్లి రేవున కెదురుగా ముక్తేశ్వరమను గ్రామము కలదు. క్షణముక్తేశ్వరస్వామి పేర వెలసిన యీ యూరు ఐనవిల్లి మండలమునకు, 2022లో నేర్పడిన కోనసీమ జిల్లాకు చెందినది. రేవు దాటి వచ్చువారును, చుట్టుప్రక్కల గ్రామములవారును ఇచ్చటి యంగళ్ళలో దినవెచ్చములు కొనుచుందురు. అట్టి యంగడి యొకదాని ముందు ఒక పూట నిలిచి, సరకులను చూడక, కొనువారి మాటలను మాత్రము వినినచో భాషాధ్యయనపరుల కొక విశేషము గోచరించును. బెల్లము, చింతపండు, ఉప్పు కావలసినవారు వస్తువు పేరు చెప్పి యడుగుదురు. సబ్బు, టీపొడి, తలనొప్పిమందు కావలసినవారు వస్తువు పేరెత్తనే యెత్తరు. దానిని చేసిన సంస్థ పెట్టిన పేరు చెప్పి చేయి చాపుదురు. పూతరేకులో కాజాలో కావలసినవారు ముందుగా ఊరి పేరు చెప్పుదురు. నెయ్యి కావలసినవారు తఱచుగా నెయ్యి కాచినవారి యింటిపేరు చెప్పి, "వారి నెయ్యి వచ్చినదా?" యని యడుగుదురు. ఒకే బల్లమీద నాలుగు విధములైన పిలుపులు! వస్తువును వస్తువుగా పిలుచుట, సంస్థ పేర పిలుచుట, ఊరి పేర పిలుచుట, మనిషి పేర పిలుచుట.

ఈ నాలుగు పిలుపులకు గల సంబంధమెట్టిది? పేరు కొనువాని మనస్సును ఏ విధముగా నడుపుచున్నది? పేరునకు వ్యక్తిత్వ మెక్కడనుండి వచ్చినది? ఇవియే యీ వ్యాసమున మేము విచారింపదలచిన విషయములు. తెలుగుశాఖవారి పత్రికలో అంగడి సరకుల ప్రసంగ మేల యని కొందరు శంకింపవచ్చును. వాణిజ్యశాస్త్రజ్ఞులు దీనిని విపులముగా చర్చించియున్న మాట నిజమే. కాని ప్రతి కొనుగోలును ఒక మాటతో నారంభమగుచున్నది. ఆ మాట యొక్క శక్తి యెట్టిదో నిర్ణయించుట శబ్దార్థవిచారము చేయువారి పని. మనిషిని మనిషి నమ్ము పద్ధతిని పేరు ద్వారా వస్తువునకు బదలాయించుటయే బ్రాండు చేయు పని యనియు, ఆ బదలాయింపు మన యాలంకారికులు చెప్పిన శబ్దశక్తులచేతనే జరుగుచున్నదనియు మా యభిప్రాయము.

1. ముద్ర, వాత, అచ్చు

ముందుగా మాటను గూర్చి కొంత. 'బ్రాండు' అను ఇంగ్లీషు పదమునకు మూలార్థము కాల్చుట. పశువును కాల్చిన ఇనుముతో గుర్తువేసి తమదిగా చెప్పుకొను నాచారమునుండి ఆ పదము సరకుల గుర్తునకు సంక్రమించినది. తెలుగువారికీ యాచారము క్రొత్తది కాదు. పశువునకు పెట్టునది వాత. దేవుని పేర విడిచిన కోడెకు శూలమో చక్రమో కాల్చి వేయునది అచ్చు. అచ్చు పడిన యాబోతు ఎవరి చేనిలో దిగి మేసినను రైతు దానిని కఱ్ఱ పుచ్చుకొని కొట్టడు. అది యెవరిదని యడుగడు. దాని తొడమీది గుర్తే దానికి సమాధానము. 'అచ్చోసిన ఆంబోతు' అను జాతీయము ఈ యాచారమునుండియే పుట్టి, అడిగేవారు లేక తిరుగువానికి వాడుకయైనది.

ఈ జాతీయమునందు ముద్ర యొక్క రెండు ముఖములును ఇమిడియున్నవి. ముద్ర 'ఇది ఫలానివారిది' అని చెప్పును. అంతతో నాగక, 'ఇక అడుగనక్కరలేదు' అనియు చెప్పును. మొదటిది సమాచారము, రెండవది విశ్వాసము. అంగడిలో ముద్రవలన కలుగు మేలు, కీడు రెండును ఈ రెండవ ముఖమునుండియే పుట్టుచున్నవి.

మన యంగళ్ళలో దీనికి 'మార్కు', 'గుర్తు', 'బొమ్మ' అను పేర్లు వాడుకలో నున్నవి. 'బొమ్మ' యనుట గమనింపదగినది. చదువు రానివాడు పేరు చదువలేడు, బొమ్మను గుర్తుపట్టగలడు. మాంచెస్టరు మిల్లుల బట్టలు మన దేశమునకు దిగుమతియైన కాలమున తానులపై దేవతల బొమ్మలతో రంగుకాగితపు టిక్కెట్లు అంటించి పంపుటకు కారణ మిదియే. పసుపుపచ్చని డబ్బామీద తాడిజాతి చెట్టు బొమ్మతో వచ్చిన డాల్డాను పల్లెలలో బొమ్మను చూచి కొనినవారు పెక్కురు. డబ్బా ఖాళీయైన తరువాత అది పప్పులు పోసికొనుటకును, తులసిమొక్క నాటుటకును ఇంట నుండిపోయెను. బొమ్మ యంగడినుండి యిల్లు చేరి, ఇంటిలోని వస్తువైనది. ఇంతకంటె పరిచయ మేమి కావలయును?

2. శబ్దశక్తులు మూడు – సరకు పేర్లు

మన యాలంకారికులు శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన యని మూడు శక్తులు చెప్పిరి. మాట తన రూఢమైన యర్థమును నేరుగా చెప్పుట అభిధ. ఆ యర్థము పొసగనపుడు దానికి సంబంధించిన మఱొక యర్థమును చెప్పుట లక్షణ. ఈ రెండును విరమించిన పిమ్మట స్ఫురించు నర్థమునకు కారణమైనది వ్యంజన. 'గంగలో పల్లె' యను ప్రసిద్ధోదాహరణమున నీటిలో పల్లె యుండజాలదు గనుక గంగ యనగా గంగాతీరమని గ్రహింతుము; ఆ పల్లె చల్లనిది, పవిత్రమైనది యని స్ఫురించుట వ్యంగ్యము. తీరమని నేరుగా చెప్పినచో ఈ చల్లదనము రాదు.

సరకు పేరును ఈ దృష్టితో చూతము. 'డాల్డా' అభిధచేత ఒక సంస్థ 1937లో మన దేశమున ప్రవేశపెట్టిన వనస్పతికి పేరు. దిగుమతి వ్యాపారి పేరైన 'డాడా' నడుమ లీవరు సంస్థ పేరులోని 'ల' చేర్చి కూర్చిన మాట యది. కాని తెలుగిళ్ళలో 'డాల్డా' యనగా ఎవరు చేసినదైనను వనస్పతియే. ఇది రూఢిలక్షణ. 1959లో వచ్చిన సర్ఫు బట్టలుతుకు పొడి కంతటికిని పేరైనది. 'జిరాక్సు' యంత్రము పేరుగా రాక, 'జిరాక్సు తీయించు' అని తెలుగు క్రియతో జంటకట్టి, నకలు తీయు పని కంతటికిని పేరైనది. సంజ్ఞానామము జాతినామముగా మాఱుట భాషలో సహజమైన మార్పు. ఐతే సరకుల విషయమున ఈ మార్పున కొక చిత్రమైన ఫలితము కలదు. పేరు లోకమంతటికి సొంతమైనకొలది దానిని పెట్టినవాడు దానిపై హక్కును కోల్పోవును. అమెరికాలో 'ఆస్పిరిన్' అనునది సామాన్యజనుల వాడుకలో మందు పేరేగాని ఒక సంస్థ ముద్ర కాదని 1921లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. తమ పేరు నలుగురి నోట నానవలెనని కోరిన సంస్థలే, అది మఱీ నానినచో న్యాయస్థానముల కెక్కుట ఇందువలననే.

లక్షణవలన పేరు వ్యాపించును. వ్యంజనవలన పేరు విలువ కట్టును. 'స్వగృహ' యను పేరు చూడుడు. తెలుగునాట పట్టణములలో మిఠాయిలు, పిండివంటలు అమ్ము దుకాణములకు ఈ మాట కలిసిన పేర్లు విరివిగా కన్పట్టును. అభిధచేత స్వగృహమనగా తన యిల్లు. అమ్మునది దుకాణము. కొనువాడు తన యింట చేసికొననందువలననే అక్కడికి వచ్చినాడు. వాచ్యార్థము పూర్తిగా బాధింపబడినది. ఐనను అమ్మ చేతివంట, మడి, కల్తీ లేమి, వేడివేడి బాణలి – ఇవన్నియు ఆ యొక్క మాటవలన స్ఫురించుచున్నవి. కొనువాడు చెల్లించు వెలలో కొంత జంతికలకు, కొంత ఈ స్ఫురణకు.

3. చేసినవాని వ్యక్తిత్వము : అమృతాంజనము

పేరునకు వ్యక్తిత్వము వచ్చు మార్గములలో మొదటిది చేసినవాని వ్యక్తిత్వము. దీనికి తెలుగువారిలో అమృతాంజనమును మించిన యుదాహరణము లేదు. కృష్ణాజిల్లా యెలకుఱ్ఱున 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ఈ వ్యాపారమును ప్రారంభించిరి. సంగీతసభలలో దీనిని ఉచితముగా పంచి ప్రచారము చేసిరని ప్రసిద్ధి. తలనొప్పి తీఱినవాడు మఱునాడు కొనుటకు వచ్చును. ఇంతకంటె సులభమైన తర్కము లేదు.

పేరును పరిశీలింతము. అమృత, అంజన శబ్దములకు సవర్ణదీర్ఘసంధి. అంజనమనగా కాటుక, కంటికి పెట్టుకొనునది. ఈ మందు కంటికి పెట్టుకొనునది కాదు సరికదా, కన్నుల దరికి రాకుండ నుదుట రాచుకొనవలసినది. ఇచ్చటను వాచ్యార్థము పొసగదు. ఐనను మరుగుపడినదానిని చూపు అంజనమును గూర్చి కథలు విన్న జాతికి ఆ మాటలో మహిమ వినవచ్చును. అమృతమును గూర్చి చెప్పనక్కరయే లేదు. సంస్కృత సమాసమగుటచేత ఇది తెలుగువారికేగాక కన్నడ, మహారాష్ట్ర, ద్రవిడులకును తమ మాటగనే తోచెను.

ఇంతకంటె ముఖ్యమైనది మఱొకటి. అమృతాంజనమువలన వచ్చిన ధనముతో పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో మద్రాసున దానిని దినపత్రిక చేసిరి. 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్రగ్రంథమాలను నెలకొల్పిరి. 1937లో ఆంధ్ర రాయలసీమ నాయకులు చేసికొన్న శ్రీబాగు ఒడంబడికకు ఆ పేరు మద్రాసులోని వారి గృహమువలన వచ్చినదే. లోకము వారిని 'దేశోద్ధారక', 'విశ్వదాత' యని పిలిచెను. సీసా కొనిన తెలుగువాడు మందు మాత్రమే కొనలేదు. ఆ సొమ్ము ఎక్కడికి పోవునో యెఱిగి కొనెను. పత్రిక మందును తెలిపెను, మందు పత్రికను నిలిపెను; రెండింటిని కలిపినది ఒక మనిషి యెడ లోకమునకు గల గౌరవము. 1936లో సంస్థ మద్రాసునకు తరలి, కంపెనీ రూపము దాల్చెను. 1938లో పంతులుగారు దివంగతులైరి. ఐనను పేరు నిలిచినది. మనిషి సంపాదించిన విశ్వాసము మనిషి లేని తరువాత పేరున నిలువయుండగలదనుటకు ఇది నిదర్శనము.

చేసినవాడు కనబడనిచోట సంస్థలు మఱొక వ్యక్తిని కల్పించును. 1969లో గుజరాతున కర్సన్‌భాయి పటేలు నిర్మించిన బట్టల పొడికి తన కుమార్తె నిరుపమ పేరునుండి 'నిర్మా' యని పేరుపెట్టి, పొట్లముపై తెల్లని దుస్తుల బాలిక బొమ్మ వేయించెను. లక్సు సబ్బు ప్రకటనలలో 1941లో సినీనటి లీలా చిట్నిస్ కనిపించినది మొదలు తారల ముఖములు సబ్బులకు తోడైనవి. అక్కడ తండ్రి ప్రేమ, ఇక్కడ తార సౌందర్యము – రెండును మనుషుల గుణములే. పొడికి ప్రేమ లేదు, సబ్బునకు సౌందర్యము లేదు. గుణారోపణము చేయువాడు కొనువాడే.

ఈ గుణారోపణమును పాశ్చాత్యులు శాస్త్రముగా చర్చించిరి. బర్లీ గార్డ్‌నరు, సిడ్నీ లెవీ యనువారు 1955లో వస్తువు వేఱు, బ్రాండు వేఱు అని స్పష్టముగా విడదీసి, బ్రాండు ప్రజల మనస్సులలో నొక స్వభావమును పొందునని వాదించిరి. 1997లో జెన్నిఫరు ఆకరు బ్రాండుల వ్యక్తిత్వమును అయిదు పాయలుగా విభజించెను: నిజాయతీ, ఉత్సాహము, సామర్థ్యము, నాగరకత, మోటుదనము. పేరు నాయకునివలె ధీరోదాత్తమో ధీరలలితమో కాగలదని మన లక్షణకారులకు చెప్పినచో వారేమియు ఆశ్చర్యపడి యుండరు.

4. కొనువాని వ్యక్తిత్వము

ఇక కొనువానివైపునుండి చూడవలయును. 1950లో మేసన్ హెయిర్ అను అమెరికా మనస్తత్త్వజ్ఞుడు ప్రచురించిన పరీక్ష ఈ విషయమున మిక్కిలి ప్రసిద్ధము. వెచ్చముల జాబితాలు రెండు. రెండింటిలోను సరకు లవియే. ఒక్కటి మాత్రము భేదము: ఒకదానిలో కాచి వడపోయవలసిన కాఫీపొడి, రెండవదానిలో వేడినీటిలో కలిపినంతనే కరగిపోవు పొడి. ఈ జాబితా వ్రాసికొన్న స్త్రీ యెట్టిదో వర్ణింపుడని గృహిణుల నడుగగా, కరగు కాఫీ కొనినదానిని సోమరియని సగమునకు చేరువగా వర్ణించిరి. కాఫీ కాచుకొనుదానిని సోమరి యన్నవారు అత్యల్పులు. ఒక్క పొడి మాటతో ఒక స్త్రీ శీలమే మాఱిపోయినది!

ఈ వృత్తాంతము మనకు దూరమైనది కాదు. ఏటేటి ఆవకాయ ఇంటనే పెట్టుట మర్యాదగా భావించిన గోదావరి మండలములలో, పచ్చడి కొని తెచ్చుకొన్న యిల్లాలికి ఒకప్పుడు రావలసిన పేరు అదియే. తరువాత సీసాలలో పచ్చళ్ళు వచ్చినవి. హైదరాబాదున 1980లో ప్రియా పచ్చళ్ళు వెలసినవి. ఇప్పుడు కొనిన పచ్చడి వడ్డించుటలో లోపము కనిపింపదు. అమెరికాలోను ఇంతే జరిగినది. 1970లో హెయిరు పరీక్షను తిరిగి చేసినవారికి ఆ పూర్వపు భేదము కనబడలేదు. దీనివలన వ్యంగ్యార్థము దేశకాలబద్ధమని తేలుచున్నది. పేరు మాఱకపోయినను, దాని స్ఫురణ మాఱును.

ఐతే కొనువాని స్వభావమును బట్టి వాడే పేరు కొనునో చెప్పవచ్చునా? ఇక్కడ తొందరపడరాదు. 1959లో ఫ్రాంక్లిన్ ఈవాన్స్ అను నతడు ఫోర్డు, షెవ్రొలె కార్ల యజమానులను మనస్తత్త్వపరీక్షలచేత విడదీయ యత్నించి, ఆ పరీక్షలవలన లాభము స్వల్పమని చూపెను. 1971లో హెరాల్డు కసార్జియన్ అంతవఱకు వచ్చిన పరిశోధనల నన్నిటిని సమీక్షించి, స్వభావమునకు కొనుగోలునకు గల సంబంధము నిలుకడ లేనిదని తేల్చెను. ఉదారుడు ఈ సబ్బు, లోభి ఆ సబ్బు కొనునని సూత్రము చేయుట కవకాశము లేదు.

మా దృష్టిలో కొనువా డెవడను ప్రశ్నకంటె, ఎవరి యెదుట వాడుటకు కొనుచున్నాడను ప్రశ్న ముఖ్యమైనది. ముక్తేశ్వరపు టంగడిలో వినబడు మాటలే దీనికి సాక్ష్యము. ఒక యిల్లాలే ఉప్పు, చింతపండు కొనునపుడు పేరడుగదు. అవి వంటలో కరగిపోవును, ఎవరికిని కనబడవు. వచ్చిన చుట్టమునకు కాఫీ కలుపవలసినపుడు పేరు చెప్పి కొనును. కూతురిని అత్తవారింటికి పంపుచు సారె కట్టునపుడు మిఠాయి ఏ యూరిదని వియ్యాలవా రడుగుదురు గనుక, ఊరి పేరు తప్పక చూచుకొనును. ఆ సారెను వీధివీధిని పంచిపెట్టుదురు. పంచిన ప్రతి కాజాయు పుట్టింటివారి ప్రతిష్ఠ. అదే యింటి పెద్దాయనకు తలనొప్పిమందు కొనునపుడు నలుగురి కంటబడు ప్రసక్తి లేకున్నను పేరే అడుగును. అక్కడ ప్రతిష్ఠ కాదు, భయము పని చేయుచున్నది. కనబడు వస్తువులకు గౌరవముచేతను, ఒంటికి సంబంధించిన వస్తువులకు భయముచేతను, రెండును లేనిచోట వెలచేతను కొనుగోలు నడచుచున్నదని స్థూలముగా చెప్పవచ్చును.

పేరు మనస్సును మాత్రమే కాక నాలుకను సయితము శాసించును. 1964లో అల్లిసన్, ఊల్ అను నిరువురు బీరు త్రాగువారికి ముందు పేరులేని సీసాలు, తరువాత పేరుగల సీసాలు ఇచ్చి చూచిరి. పేరు లేనపుడు తమకు ప్రియమైన దానిని వారు పోల్చుకొనలేకపోయిరి. పేరు చూచినతోడనే దానికి రుచి హెచ్చినది. వారు అబద్ధ మాడలేదు. పేరు చూచిన పిమ్మట వారికి నిజముగనే రుచి హెచ్చుగా తోచినది. ఇది నాలుక పొరపాటు కాదు, మాట ప్రభావము.

5. ఊరి వ్యక్తిత్వము

సంస్థలు పుట్టకముందే మనవారు సరకులకు వ్యక్తిత్వ మిచ్చిరి. అది యూరి పేరు. బందరు లడ్డు, పొందూరు ఖద్దరు, ఉప్పాడ చీర, తాపేశ్వరము కాజా, అంబాజీపేట పొట్టిక్కలు, ఆత్రేయపురము పూతరేకులు – ఈ సమాసములలో పూర్వపదము కేవలము విశేషణము కాదు, అది హామీ. ఆత్రేయపురమున స్త్రీలు పలుచని బియ్యపుపిండి జావను గుడ్డతో తీసి, బోర్లించి కాచిన కుండమీద పఱచి, క్షణములో ఆఱిన రేకును చినుగకుండ పైకెత్తుదురు. చేతివాటము తప్పినచో రేకు లేదు. ఆ నేర్పు ఒకరి సొత్తు కాదు, ఊరి సొత్తు. కనుకనే పేరును ఊరిదైనది.

సంస్థ పేరునకు స్వామి ఒకడు. ఊరి పేరునకు స్వాములు పెక్కురు. ఒకడు నాసిరకము చేసినచో అందఱి పేరును చెడును. దీనిని కాపాడుటకై భౌగోళిక గుర్తుల చట్టము 1999లో వచ్చి, 2003లో అమలునకు వచ్చెను. ఉప్పాడ జమ్‌దానీ చీరలకు 2009లోను, బందరు లడ్డునకు 2017లోను, ఆత్రేయపురము పూతరేకులకు 2023లోను ఈ గుర్తింపు లభించినది. వాడుకలోని సమాసము న్యాయశాస్త్రమున హక్కుగా మాఱుట శబ్దచరిత్రలో గమనింపదగిన ఘట్టము.

ఊరికంటెను చిన్నది మనిషి పేరు. విడిసరకులు అమ్మిన కాలమున కిరాణావ్యాపారియే బ్రాండు. నూనె ఏ గానుగదో, పప్పు ఎట్టిదో అతడు చెప్పిన మాటయే ప్రమాణము. సరకు బాగులేనిచో అతని ముఖముననే చెప్పి తిరిగి ఇచ్చివచ్చు చనువు ఖాతాదారునకు కలదు. పొట్లములు వచ్చిన తరువాత నమ్మకము వ్యాపారినుండి కాగితమునకు మాఱినది. 1980 దశకమునుండి షాంపూలు చిన్న పొట్లములలో వచ్చి, కూలినాలి చేసికొనువారికిని పేరుగల సరకు అందినది. మేలు కాదనలేము. కాని వెనుకటి తగవులాడుకొను చనువు కాగితముతో సాధ్యము కాదు. ముక్తేశ్వరమున నెయ్యి నిప్పటికిని మనిషి పేరున అడుగుటకు కారణము ఛాందసము కాదు; బాగులేనిచో అడుగుట కొక మనిషి యుండవలెనను కోరికయే.

6. పేరునకు చెల్లించు వెల

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి పేరు మోసమని తలపరాదు. ప్రతి సరకును ప్రతిదినము పరీక్షించి కొనుట మనుష్యమాత్రునకు సాధ్యము కాదు. పేరు ఆ శ్రమను తగ్గించును. చేసినవాని నొక మాటకు కట్టి యుంచును. కాని అచ్చువేసిన యాబోతు సామ్యము మరువరాదు. ముద్ర ప్రశ్నను మాన్పునపుడు నష్టమెవ్వరికి?

మందుల విషయమున ఈ నష్టము స్పష్టముగా కన్పట్టును. జ్వరము వచ్చినవానికి కావలసినది పారాసిటమాల్. అది ఔషధము పేరు. అంగడిలో అడుగునది క్రోసిన్ అనియో డోలో అనియో. ఒకే ఔషధము వేర్వేరు పేర్లతో వేర్వేరు వెలలకు లభించును. దీర్ఘరోగములకు నిత్యము మందు వాడువారికి ఈ వెలల యంతరము ఇంటి వెచ్చమునే తలక్రిందులు చేయగలదు. ఔషధముల నసలు పేర్లతో తక్కువ వెలకు అమ్ముటకై కేంద్రప్రభుత్వము 2008లో జన ఔషధి పథకమును ప్రారంభించినది. ఐనను 'పేరు లేని మందు' అని వానిని శంకించువా రున్నారు. నిజమునకు పేరున్నది వానికే. మిగిలినవానికి ఉన్నది మాఱుపేరు. సంజ్ఞ అసలుపేరును మఱపించుటకు ఇంతకంటె నుదాహరణము వలదు. ఐతే ఈ శంకను అజ్ఞానమని కొట్టివేయుటయు తగదు. ప్రాణముతోడి పనియందు మనిషి పరిచయమైనదానిని పట్టుకొనును. అసలుపేరును పరిచయము చేయుటయే దానికి మందు.

రెండవ నష్టము అనుకరణము. పేరుగల సరకును పోలిన రంగు, పోలిన అక్షరములు, ఒక్క వర్ణము మార్చిన పేరు – ఇట్టి సరకులు పల్లెటూరి యంగళ్ళకే యెక్కువగా చేరును. చదువరి అక్షరభేదమును కనిపెట్టును. బొమ్మను బట్టి కొనువాడు కనిపెట్టలేడు. మేమును ఒక పర్యాయము రేవు దగ్గఱ నొక టీపొడి పొట్లము కొని, ఇల్లు చేరి కళ్ళజోడు పెట్టుకొని చూచినపుడు, దానిపై నొక దీర్ఘము తక్కువైనట్లు గ్రహించితిమి. తెలుగు చెప్పుకొని బ్రతుకువారికే యిట్లైనచో తక్కినవారి మాట చెప్పవలసిన పని లేదు.

ఇట్టి నష్టములకు విరుగుడుగా రాజ్యము తానును ముద్రలు వేయుచున్నది. వ్యవసాయోత్పత్తులకు 1937 నాటి చట్టమువలన అగ్‌మార్కు వచ్చినది. సరకు గుర్తుల చట్టములు 1940, 1958, 1999 సంవత్సరములలో వచ్చినవి. బంగారు నగలకు హాల్‌మార్కు 2021నుండి విడతలుగా నిర్బంధమైనది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము మఱొక యడుగు ముందుకు వేసి, మోసపు ప్రకటనలకు తమ ముఖమును ఇచ్చిన ప్రసిద్ధులను సయితము బాధ్యులను చేసినది. వ్యక్తిత్వమును అరువిచ్చినవాడు దాని ఫలితమునకు కట్టువడవలెనను న్యాయము ఇందు కలదు. నాగేశ్వరరావు పంతులుగారు తమ మందునకు తమ జీవితమునే పూచీగా పెట్టిరి. ప్రకటనలో నిలుచు నేటి తార తన పారితోషికమును మాత్రమే పుచ్చుకొని పోరాదని ఈ చట్టపు టాశయము.

7. ఉపసంహారము

పై విచారమువలన తేలిన యంశములివి. సరకు పేరు మొదట అభిధచేత చేసినవానిని తెలుపును. లక్షణచేత జాతి కంతటికి వ్యాపించును. వ్యంజనచేత మనుష్యగుణములను వస్తువునం దారోపించును. ఆ గుణములు చేసినవానినుండి గాని, ఊరినుండి గాని, కల్పితవ్యక్తినుండి గాని రావచ్చును. కొనువాడు తన స్థిరస్వభావమును బట్టి కాక, ఎవరి యెదుట, ఏ భయముతో, ఏ గౌరవమునకై వాడుచున్నాడో దానినిబట్టి పేరును ఎన్నుకొనును. పేరు నమ్మకమునకు గుర్తేకాని నమ్మకమునకు మూలము కాదు. మూలము ఎండిపోయిన తరువాతను గుర్తు కొంతకాలము నడచును. 'పేరు గొప్ప ఊరు దిబ్బ' యను సామెత ఆ దశకు చెందినది.

పరిశోధకవిద్యార్థులకు ఇందు విస్తారమైన పని కలదు. వృత్తిపదములను సేకరించినట్లే అంగడి పదములను మండలములవారీగా సేకరింపవలయును. ఏ సంస్థనామము ఏ ప్రాంతమున జాతినామమైనదో, ఏ యూరిపేరు సమాసముగా స్థిరపడినదో, ఏ సరకును జనులు బొమ్మ పేరున పిలిచిరో గుర్తించి నిఘంటువుల కెక్కింపవలయును. ఉపాధ్యాయులు తరగతిలో లక్షణావ్యంజనములను బోధించునపుడు గంగతోపాటు అంగడి పేర్లనుకూడ నుదాహరించినచో, విద్యార్థికి శాస్త్రము బోధపడును. అంగడికి పోయినపుడు బుద్ధియు పనిచేయును. పొట్లము తిరుగవేసి వెనుకనున్న చిన్న యక్షరములు చదువుట అతనికి అలవాటగును.

కోటిపల్లి రేవునుండి పంటు వచ్చి గట్టున ఆగును. దిగినవారు అంగడికి పోయి పేర్లు చెప్పి సరకులు పుచ్చుకొని పోవుదురు. ఈ కొనుగోలు క్షణకాలము పని; ఆ క్షణము వెనుక ఎన్ని యేండ్ల మాటల చరిత్ర యున్నదో వా రెఱుగనక్కరలేదు. మాటలను జీవనవృత్తిగా చేసికొన్న మనము ఎఱుగవలయును. ఆబోతు తొడమీది యచ్చును చూచి తొలగిపోవుట రైతు మర్యాద. ఆ యచ్చు ఎవరు వేసిరో, ఎందులకు వేసిరో అడుగుట విద్యావంతుని ధర్మము.